నాలుగు వేల దగ్గర గుంట

చీటీ పాడితే చేతికొచ్చింది పద్దెనిమిది వేలు.
మూడు చేతులు మారిన శాంత్రో,
నాలుగో చెయ్యి నాది,
గేరు మార్చేటప్పుడు ఇంకా వణుకుతుంది.

కీళ్‌పాక్‌లో నా పని
మనుషుల్ని గాజు గదిలో కూర్చోబెట్టి
చెవిలోకి బీప్ వదలడం.
వినబడితే గుండీ నొక్కండి, అంటాను
తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి,
కొందరికి వట్టి చేతులతో.
తర్వాత గీత గీస్తాను.
గీత దిగిన చోట
వాళ్ళు ఏం పని చేసి బతికారో కనబడుతుంది.

మునిశేఖర్ గీత కూడా నేనే గీశాను, పెళ్ళికి రెండేళ్ళ ముందు.
అంబత్తూరులో పదకొండేళ్ళు రేకుల్ని కొట్టిన ప్రెస్సు
నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర
రెండు చెవుల్లోనూ గుంట తవ్వింది.
"ఏందీ?" అన్నది ఆయన ఊతపదం అనుకున్నారు మావాళ్ళు.
నేనూ దిద్దలేదు.

ఆస్పత్రి కాగితం వెనక లెక్క:
ముందు తలుపులకి స్పీకర్లు
ఆరున్నర అంగుళాలు, ఆరున్నర వేలు,
గుర్తుంచుకోవడం తేలిక.
పుదుప్పేటలో పాత యాంప్ ఐదు వేలు,
ఏ కారులోంచి ఊడి వచ్చిందో అడక్కూడదు.
రాగి తీగ, ఫ్యూజు పదిహేను వందలు.
ఇక్కడ కక్కుర్తి పడితే బండే కాలిపోతుందట.
కూలి ఇంకో పదిహేను వందలు.
వెనక స్పీకర్లు వద్దు, వెనక కూర్చునేది బియ్యం మూటే.
పాత సెట్టే ఉండనీ,
వాల్యూం గుండీ ఊడిపోయినా
పెన్ను మూత సరిగ్గా పడుతుంది.
సబ్‌ఊఫర్ డబ్బా ఏడున్నర వేలు,
చేతిలో మిగిలింది మూడున్నర.
ఇక్కడా
నాలుగు వేల దగ్గరే గుంట.

జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కాజా భాయ్
"ట్వీటర్లు మంచివి వేయించుకోండి,
గాజులు గలగలమంటే పక్కనే ఉన్నట్టుంటుంది" అన్నాడు.
పక్కనే ఉన్న నా గాజులే ఆయనకి వినబడవు.
మామూలువి చాలన్నాను.

భాయ్ తలుపు మీద వేలితో కొట్టాడు.
ఖాళీ కిరసనాయిలు డబ్బా పలికింది.
"ఇందులో మీరేం పెట్టినా
ముందు ఈ రేకే పాడుతుంది."
లోపలికెళ్ళి నల్లటి తారు అట్టలు తెచ్చాడు,
ఒక వైపు వెండి కాగితం.
"మూడున్నర వేలు" అన్నాడు.
చప్పుడుకి కాదు, చప్పుడు లేకపోవడానికి.
రోజంతా నిశ్శబ్దపు గదిలో జీతం తీసుకునేదాన్ని,
నా కాగితం మీద ఆ పద్దే రాసుకోలేదు.

మూడు గంటలు ఇనప స్టూలు మీద నేను.
తలుపు చర్మం ఒలిచి
అప్పడాలు వత్తినట్టు
రోలరుతో మూల మూలా వత్తుతూ ఆయన.
బియ్యం మూటతో వచ్చిన మునిశేఖర్
తన తలుపు తానే వేసి చూశాడు,
మళ్ళీ తీసి, మళ్ళీ వేశాడు.

పూనమల్లి హైరోడ్డు ఎక్కాం.
పెన్ను మూత సీటు కిందికి దొర్లింది,
పాట పెట్టలేదు.
పక్కన బస్సు గుర్రుమంటోంది, ఎక్కడో దూరంగా ఉన్నట్టు.
నాలో నేను అనుకున్నట్టే అన్నాను,
ఇంట్లో పాలు లేవు.
"అమింజికరైలో ఆపు, తెస్తా" అన్నాడు.

ఏందీ లేదు.
మూడో గేరు బదులు ఐదో గేరు పడి
బండి దగ్గింది.

సిగ్నల్ దగ్గర మూత దొరికింది.
మద్దెల మొదలవగానే
ఆయన అరచేయి తలుపుకి ఆనించాడు,
పొయ్యి మీది గిన్నె వేడి చూసినట్టు.
చాలాసేపు తియ్యలేదు.

పాట వెనక సన్నగా ఒక కీచు.
యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంది, వదిలితే దిగుతుంది.
ఎర్త్ తీగ ఎక్కడో సరిగా కూర్చోలేదు.
రోజూ వింటాను కదా, చెప్పగలను,
నాలుగు వేలకి అటూ ఇటూ.

"బాగా కుదిరింది గదా?" అన్నాడు.
"కుదిరింది."
ఆదివారం ఏదో వంక చెప్పి
మళ్ళీ భాయ్ దగ్గరికి వెళ్ళాలి.
అందాకా మెల్లగా తొక్కుతాను.